స్టీరింగ్ అడిగింది ఎంత, బండి తిరిగింది ఎంత: స్థిరత్వ నియంత్రణపై మీ ప్రశ్నలకు జవాబులు

కార్లలోని స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ గురించి, దానికి సమాచారం అందించే చలన సెన్సర్ల గురించి ఈ నెల ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వానలు పడుతున్న రోజులు కావడం అందుకు కారణం కావచ్చు. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి, ఎంపిక చేసినవాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వర్షంలో పాడేరు ఘాట్ దిగుతుండగా ఒక మలుపులో మా కారు ముందుభాగం తిరగకుండా బయటివైపు జారింది. నేను బ్రేకు తొక్కలేదు. అయినా ఇంజన్ గదిలోంచి గరగరమని చప్పుడు వచ్చింది, మీటర్ బోర్డులో జారుతున్న కారు బొమ్మ ఉన్న పసుపు దీపం కొద్దిసేపు మిణుకుమిణుకుమంది, బండి మళ్లీ దారిలోకి వచ్చింది. నేను వేయని బ్రేకు ఎవరు వేశారు? — ఒక పాఠకురాలు, నర్సీపట్నం

జవాబు: మీ కారులోని స్థిరత్వ నియంత్రణ వ్యవస్థే ఆ బ్రేకు వేసింది. నాలుగు చక్రాలకూ కాకుండా ఒక్క చక్రానికే, చాలా తక్కువ సమయం పాటు వేసింది. మీరు విన్న చప్పుడు బ్రేకు ఆయిల్‌ను ఆ చక్రం వైపు నెట్టిన చిన్న పంపు, దానితోపాటు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే వాల్వులు చేసినది.

ఈ వ్యవస్థ నిరంతరం రెండు అంకెలను పోల్చుకుంటూ ఉంటుంది. కారును ఎంత వేగంగా తిప్పమని డ్రైవరు అడుగుతున్నారన్నది మొదటిది, కారు నిజంగా ఎంత వేగంగా తిరుగుతున్నదన్నది రెండవది. మొదటి అంకె స్టీరింగ్ కోణం సెన్సరు, చక్రాల వేగం సెన్సర్లు ఇచ్చే సమాచారం నుంచి లెక్కగా వస్తుంది. రెండవ అంకెను యా రేట్ సెన్సరు అనే చలన సెన్సరు కొలిచి చెబుతుంది. కారు మధ్యలో నిలువుగా ఒక ఇరుసు ఉన్నదని ఊహించుకుంటే, ఆ ఇరుసు చుట్టూ కారు సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతున్నదో అదే యా రేటు.

మీరు దిగిన మలుపు వ్యాసార్ధం 40 మీటర్లు అనీ, మీ వేగం గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు అనీ అనుకుందాం. దారి తప్పకుండా తిరగాలంటే కారు సెకనుకు సుమారు 14 డిగ్రీల చొప్పున తిరగాలి. ముందు, వెనుక చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లు ఉండే మామూలు కారులో అందుకు ముందు చక్రాలు దాదాపు మూడున్నర డిగ్రీలు వంగాలి, అంటే మీ చేతిలోని స్టీరింగ్ చక్రం యాభై డిగ్రీలకు కొంచెం పైగా తిరగాలి. స్టీరింగ్ కోణం చూసి కంప్యూటరు 14 డిగ్రీలు రావాలని లెక్కవేసుకున్న క్షణంలో యా రేట్ సెన్సరు 9 డిగ్రీలే చెబితే, ముందు టైర్లు పట్టు తప్పి కారు తిన్నగా పోతున్నదని అర్థం. అప్పుడు మలుపు లోపలివైపు ఉన్న వెనుక చక్రానికి బ్రేకు పడుతుంది. ఆ మూల వెనక్కి లాగినట్లయి కారు ముక్కు లోపలికి తిరుగుతుంది. అదే సెన్సరు 22 డిగ్రీలు చెబితే వెనుకభాగం బయటికి విసురుకుపోతున్నదని అర్థం, అప్పుడు బయటివైపు ముందు చక్రానికి బ్రేకు పడి ఆ తిరుగుడును ఆపుతుంది. రెండు సందర్భాల్లోనూ అవసరమైతే ఇంజన్ శక్తి కూడా తగ్గుతుంది. మీ ఉత్తరంలోని వివరాలను బట్టి చూస్తే మీకు జరిగింది మొదటిది.

దీపం మిణుకుమిణుకుమనడం లోపానికి సూచన కాదు, వ్యవస్థ పనిలో దిగిందన్న సమాచారం. టైర్ల పట్టు హద్దుకు మీరు చేరారని ఆ దీపం చెప్పినట్లు తీసుకుని, తరువాతి మలుపును ఇంకా తక్కువ వేగంతో తీసుకోవాలి.

ప్రశ్న: కారు తిరుగుతున్నదని చెప్పడానికి ఒకప్పుడు గిర్రున తిరిగే చక్రం ఉన్న గైరోస్కోపు కావాలని చదువుకున్నాం. ఇప్పుడు గోరంత చిప్పు ఆ పని చేస్తున్నదంటారు. అందులో తిరిగేది ఏమీ లేనప్పుడు అది తిరుగుడును ఎలా పసిగడుతుంది? — ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: అందులో తిరిగేది లేదు కాని కంపించేది ఉంది. సిలికాన్‌ను చెక్కి తయారుచేసిన సూక్ష్మమైన దిమ్మెను, అదే సిలికాన్‌తో చేసిన సన్నని స్ప్రింగుల మీద వేలాడదీసి, విద్యుత్ బలంతో సెకనుకు వేలసార్లు అటూ ఇటూ ఊపుతారు. ఆ చిప్పు తిరగనంతసేపూ దిమ్మె తన గీత మీదే ఊగుతుంది. చిప్పును మోస్తున్న కారు తిరగడం మొదలుపెట్టగానే, ఊగుతున్న దిమ్మె మీద దాని ఊగుడుకు లంబ దిశలో ఒక బలం కనిపిస్తుంది. దాన్నే కోరియోలిస్ బలం అంటారు. 1851లో ప్యారిస్‌లో ఫూకో తన పొడవాటి లోలకంతో భూభ్రమణాన్ని జనానికి చూపించినప్పుడు లోలకం ఊగే తలం మెల్లగా మారింది కూడా దీని వల్లనే. 2023లో ప్రారంభమైన ఢిల్లీ కొత్త పార్లమెంటు భవనంలో అటువంటి లోలకం ఒకటి వేలాడుతున్నది, వెళ్లినవారు చూడవచ్చు. అక్కడ గంటల్లో కనిపించే మార్పును కారులో సెకనులో వందో వంతులో చదవాలి, కాబట్టి ఊగుడు వేగాన్ని అంతగా పెంచారు.

ఆ బలం ఎంత చిన్నదో లెక్కవేసి చూస్తే దీన్ని తయారుచేసినవారి పనితనం మీద గౌరవం పెరుగుతుంది. దిమ్మె సెకనుకు 20,000 సార్లు, మధ్య నుంచి అటూ ఇటూ 5 మైక్రోమీటర్ల మేర ఊగుతున్నదని అనుకుందాం. దాని గరిష్ఠ వేగం సెకనుకు 0.63 మీటర్లు అవుతుంది. పై జవాబులోని కారు సెకనుకు 14 డిగ్రీలు తిరిగినప్పుడు ఆ దిమ్మెకు కలిగే కోరియోలిస్ త్వరణం గురుత్వ త్వరణంలో సుమారు 3 శాతం. అంత స్వల్పమైన తోపుడుకు దిమ్మె పక్కకు జరిగేది నానోమీటరు స్థాయిలో, ఒక్కోసారి అందులో కొంత భాగమే. తల వెంట్రుక మందం 70,000 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుందని గుర్తుంచుకుంటే అది ఎంత చిన్న కదలికో తెలుస్తుంది. దిమ్మె అంచున దువ్వెన పళ్లలాంటి పలకలు, వాటికి ఎదురుగా కదలని పలకలు ఉంటాయి. వాటి మధ్య సందు మారగానే విద్యుత్ కెపాసిటెన్స్, అంటే ఆ పలకలు విద్యుదావేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యం, మారుతుంది. ఆ మార్పును పెంచి, అంకెగా మార్చి కారులోని కంప్యూటరుకు పంపుతారు.

మొదటి తరం కార్లలో ఈ సెన్సరు సిలికాన్ చిప్పు కాదు, కంపించే లోహపు స్తూపం. పరిమాణం పెద్దది, ధర ఎక్కువ. 1990ల చివరలో సిలికాన్ సెన్సర్లు వచ్చిన తరువాతే ఈ రక్షణ చిన్న కార్ల దాకా దిగిరాగలిగింది. మీ సెల్‌ఫోనులోని గైరోస్కోపు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది, అయితే కారులో పెట్టే సెన్సరు గడ్డకట్టే చలిలోనూ, ఎండలో నిలిపిన బండి లోపలి వేడిలోనూ ఏళ్ల తరబడి ఒకే అంకె చెప్పాలి, తనలో లోపం వస్తే తానే గుర్తించి చెప్పాలి.

ప్రశ్న: యా రేట్ సెన్సరు కారు తిరుగుడును నేరుగా కొలుస్తున్నప్పుడు, దాని పక్కనే పార్శ్వ త్వరణం కొలిచే సెన్సరు కూడా ఎందుకు పెడతారు? ఒకటి చాలదా? — పాలిటెక్నిక్ అధ్యాపకుడు, నిజామాబాద్

జవాబు: చాలదు. ఈ ప్రశ్నలోనే స్థిరత్వ నియంత్రణ గుట్టంతా ఉంది కాబట్టి కొంచెం విస్తారంగా చెబుతాం.

యా రేట్ సెన్సరు చెప్పేది కారు ఒళ్లు ఎంత వేగంగా తిరుగుతున్నదన్న సంగతి. కారు పోతున్న దారి ఎంత వేగంగా తిరుగుతున్నదో అది చెప్పలేదు. మామూలుగా ఈ రెండూ ఒకటే. బండి జారినప్పుడు రెండూ వేరవుతాయి. ఆర్టీసీ బస్సు మలుపు తిరిగేటప్పుడు కళ్లు మూసుకుని కూర్చున్నా మన ఒళ్లు పక్కకు ఒరుగుతుంది కదా, ఆ ఒరుగుడును కొలిచేదే పార్శ్వ త్వరణ సెన్సరు. ఆ త్వరణాన్ని కారు వేగంతో భాగిస్తే దారి ఎంత వేగంగా వంగుతున్నదో వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. కారు గంటకు 72 కిలోమీటర్లతో, అంటే సెకనుకు 20 మీటర్లతో పోతున్నది. పార్శ్వ త్వరణం 3 యూనిట్లు (ఒక యూనిట్ అంటే సెకనుకు సెకనుకు ఒక మీటరు), అంటే గురుత్వ త్వరణంలో మూడో వంతు కంటే కొంచెం తక్కువ. 3ను 20తో భాగిస్తే 0.15 రేడియన్లు, అంటే దారి సెకనుకు 8.6 డిగ్రీలు వంగుతున్నది. అదే క్షణంలో యా రేట్ సెన్సరు 20 డిగ్రీలు చెబితే కారు ముక్కు దారికంటే సెకనుకు 11.4 డిగ్రీలు ఎక్కువగా తిరుగుతున్నట్లు. అర సెకనులోనే కారు చూస్తున్న దిశకూ పోతున్న దిశకూ మధ్య దాదాపు 6 డిగ్రీల తేడా వస్తుంది. ఈ తేడాను పార్శ్వ జారుడు కోణం అంటారు. పొడి తారు రోడ్డు మీద ఈ కోణం సుమారు 12 డిగ్రీలకు చేరితే, నున్నటి మంచుగడ్డ మీద 2 డిగ్రీలకు చేరితే, స్టీరింగ్ తిప్పినా కారు దిశ మార్చుకునే శక్తి దాదాపు నశిస్తుంది. మామూలు డ్రైవరుకు ఆ స్థితి నుంచి బయటపడే అనుభవం ఉండదు. అందుకే కంప్యూటరు ఆ కోణం పెరగకముందే, అది పెరిగే వేగాన్ని చూసి రంగంలోకి దిగుతుంది.

మరి పార్శ్వ త్వరణ సెన్సరు ఒక్కటే ఉంటే సరిపోతుందా అంటే, అదీ సరిపోదు. ఆ సెన్సరుకు కారు మలుపు తిరగడం వల్ల వచ్చే త్వరణానికీ, రోడ్డు ఒకవైపుకు వాలి ఉండటం వల్ల పక్కకు లాగే గురుత్వానికీ తేడా తెలియదు. మన రహదారుల మలుపుల్లో బయటి అంచును ఎత్తుగా కడతారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమాల ప్రకారం మైదాన ప్రాంతంలో ఆ వాలు 7 శాతం దాకా, మంచు పడని కొండ ప్రాంతంలో 10 శాతం దాకా ఉండవచ్చు. 7 శాతం వాలు ఉన్నచోట పార్శ్వ త్వరణంలో దాదాపు 0.7 యూనిట్ల తేడా చేరుతుంది. పై ఉదాహరణలోని వేగానికి అది సెకనుకు 2 డిగ్రీల తప్పు. కంప్యూటరు ఆ తప్పును గుడ్డిగా కూడుతూ పోతే మూడు సెకన్లలో లేని జారుడు 6 డిగ్రీలు ఉన్నట్లు కనిపిస్తుంది. శ్రీశైలం ఘాట్‌లోనో తిరుమల ఘాట్‌లోనో చక్కగా పోతున్న కారుకు అకారణంగా బ్రేకు పడే ప్రమాదం అక్కడ ఉంది.

ఇందుకే ఈ వ్యవస్థను రూపొందించినవారు ఏ ఒక్క సెన్సరు మాటనూ ఒంటరిగా నమ్మకూడదన్న నియమం పెట్టుకున్నారు. యా రేటును స్టీరింగ్ కోణంతో, పార్శ్వ త్వరణంతో, ఎడమ కుడి చక్రాల వేగాల మధ్య తేడాతో సరిచూస్తారు. నాలుగు మార్గాల్లో వచ్చిన అంకెల్లో మూడు ఒకటిగా ఉండి ఒకటి వేరుగా ఉంటే, రోడ్డు వాలా, సెన్సరు లోపమా, నిజమైన జారుడా అన్నది దాని తీరును బట్టి నిర్ణయిస్తారు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో మెచ్చుకోవలసిన భాగం బ్రేకు వేయడం కాదు, వేయకూడని చోట వేయకుండా ఉండటం.

ప్రశ్న: వీల్ అలైన్‌మెంట్ చేయించిన మర్నాటి నుంచి మా కారులో ఆ పసుపు దీపం వెలిగే ఉంటున్నది. బండి నడకలో తేడా ఏమీ లేదు. అలాగే నడపవచ్చా? — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఆ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవడం మామూలే. ఆరకుండా వెలుగుతున్నదంటే స్థిరత్వ నియంత్రణ పనిచేయడం లేదని, లేదా ఆఫ్ బటన్ నొక్కి ఉన్నదని అర్థం. బటన్ నొక్కి లేకపోతే మీ విషయంలో మొదటగా అనుమానించవలసింది స్టీరింగ్ కోణం సెన్సరు సున్నా స్థానాన్ని.

అలైన్‌మెంట్ చేసేటప్పుడు టై రాడ్లు, అంటే స్టీరింగ్‌ను ముందు చక్రాలకు కలిపే కడ్డీలు, సవరిస్తారు. ఆ తరువాత కారు తిన్నగా పోతున్నప్పుడు స్టీరింగ్ చక్రం ఉండే స్థానం కొద్దిగా మారవచ్చు. సెన్సరు మాత్రం పాత స్థానాన్నే సున్నా అనుకుంటుంది. స్టీరింగ్ చక్రం దగ్గర 5 డిగ్రీల తేడా చిన్నదిగానే అనిపిస్తుంది. కాని గంటకు 90 కిలోమీటర్ల వేగంలో ఆ 5 డిగ్రీలను కంప్యూటరు సెకనుకు 2 నుంచి 3 డిగ్రీలు తిప్పమన్న కోరికగా చదువుతుంది. కారు తిన్నగా పోతున్నది కాబట్టి యా రేట్ సెన్సరు సున్నా చెబుతుంది. రెండూ ఎంతసేపటికీ పొసగకపోతే వ్యవస్థ తప్పు బ్రేకు వేసే బదులు తనను తానే పక్కన పెట్టుకుని దీపం వెలిగిస్తుంది.

చేయించవలసింది కారు కంప్యూటరును చదివే స్కానర్ పెట్టి సున్నా స్థానాన్ని మళ్లీ నేర్పించడం. ఇది కొద్ది నిమిషాల పని. అక్కడ ఉన్నప్పుడే స్కానర్ తెరమీద సెన్సర్ల అంకెలు చూపించమని అడగండి. చదునైన నేల మీద కారు కదలకుండా ఉన్నప్పుడు యా రేటు, పార్శ్వ త్వరణం రెండూ సున్నా దగ్గరే ఉండాలి, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు స్టీరింగ్ కోణం కూడా సున్నా చూపాలి. కొన్ని కార్లలో బ్యాటరీ విప్పి బిగించినా ఈ సున్నా చెరిగిపోతుంది. నాలుగు చక్రాలకూ ఒకే సైజు టైర్లు లేకపోయినా చక్రాల వేగాల లెక్క చెడి ఇటువంటి ఇబ్బంది రావచ్చు.

బండి నడుస్తుంది కదా అని ఆ దీపంతోనే తిరగవద్దు. మామూలు రోజున తేడా తెలియదు, అవసరమైన రోజున ఆ రక్షణ ఉండదు.

ప్రశ్న: ఈఎస్‌పీ, ఈఎస్‌సీ, వీఎస్‌సీ వేర్వేరు పరికరాలా? ఏది మంచిది? — ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఒకటే, మూడూ స్థిరత్వ నియంత్రణ వ్యవస్థకు కంపెనీలు పెట్టుకున్న పేర్లు. మారుతి సుజుకి ఈఎస్‌పీ అంటుంది, హ్యుందాయ్ ఈఎస్‌సీ అంటుంది, టయోటా వీఎస్‌సీ అంటుంది. ఏబీఎస్ మాత్రం వేరు. అది మీరు బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుంది, యా రేటు దానికి అవసరం లేదు. కారు కొనేటప్పుడు ఏబీఎస్ ఉన్నదన్న మాటతో సరిపెట్టుకోకుండా, మీరు ఎంచుకున్న వేరియంట్‌లో ఈఎస్‌సీ ఉన్నదో లేదో విడిగా అడగాలి. 2023 అక్టోబర్ 1 నుంచి అమలులో ఉన్న, కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు నక్షత్రాలు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఉండాలి.

ప్రశ్న: నేను మెకానిక్‌ను. యాక్సిడెంట్ అయిన కారు ఒకటి రిపేరుకు వచ్చింది. గేర్ లీవరు కింద ఉండే యా సెన్సరు బ్రాకెట్ వంగింది. సెన్సరును పక్కనే ఖాళీ ఉన్నచోట బిగించవచ్చా? ఇంకో సందేహం, ఇన్ని గుంతల రోడ్ల మీద ఆ సెన్సరు తికమకపడదా? — ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కంపెనీ పెట్టిన చోటనే, కంపెనీ బ్రాకెట్‌తోనే, బాణం గుర్తు ఉంటే అది చూపిన దిశలోనే బిగించండి. కారణం తెలుసుకుంటే ఈ జాగ్రత్త చాదస్తంగా అనిపించదు. వంగని వస్తువు తిరిగేటప్పుడు దానిలోని ప్రతి బిందువూ ఒకే కోణీయ వేగంతో తిరుగుతుంది. అంటే యా రేటు కారు ముందు కొలిచినా వెనుక కొలిచినా ఒకటే. 5 డిగ్రీలు ఒరిగి ఉన్నా యా రేటులో తేడా అర శాతం లోపే. పార్శ్వ త్వరణం అలా కాదు. ఆ బ్రాకెట్ మీది పెట్టెలో సాధారణంగా ఆ సెన్సరు కూడా ఉంటుంది. అది 5 డిగ్రీలు పక్కకు ఒరిగితే నిలిచి ఉన్న కారులో కూడా 0.85 యూనిట్ల త్వరణం ఉన్నట్లు చెబుతుంది. పై జవాబులో చెప్పిన 7 శాతం రోడ్డు వాలు తెచ్చే తప్పు కంటే ఇది ఎక్కువ, పైగా ప్రతి రోడ్డు మీదా ఉంటుంది. కారు గరిమనాభికి దూరంగా జరిపితే, కారు తిరగడం మొదలైన ప్రతిసారీ లేని త్వరణం అదనంగా చేరుతుంది. వంగిన బ్రాకెట్‌ను సుత్తితో సరిచేసి పెట్టడం కూడా మంచిది కాదు. బిగించిన తరువాత సున్నా స్థానాన్ని స్కానర్‌తో నేర్పించాలి. కొత్త కార్లలో ఈ సెన్సర్లు ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరులోనో బ్రేకు హైడ్రాలిక్ యూనిట్‌లోనో కలిసిపోయి వస్తున్నాయి.

గుంతల విషయానికి వస్తే, చిప్పులో ఒక దిమ్మెకు బదులు రెండింటిని ఎదురెదురు దిశల్లో ఊపుతారు. గుంతలో పడిన కుదుపు రెండింటినీ ఒకేవైపు తోస్తుంది, కారు తిరుగుడు రెండింటినీ చెరోవైపు తోస్తుంది. ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే కుదుపు పోయి తిరుగుడు మిగులుతుంది. పైగా కారు బాడీ ఊగేది సెకనుకు ఒకటి రెండుసార్లు, చక్రాలు ఎగిరిపడేది పది పదిహేనుసార్లు. దిమ్మెల ఊగుడు వేలల్లో ఉంటుంది కాబట్టి వాటిని వేరుచేయడం కష్టం కాదు.

ప్రశ్న: ఇక్కడ మంచులో కారు ఇరుక్కుపోయినప్పుడు ఈఎస్‌సీ ఆఫ్ చేయమని తోటివారు చెబుతారు. ప్రాణం కాపాడే వ్యవస్థకు ఆఫ్ బటన్ ఎందుకు ఇచ్చారు? దీన్ని ఎవరు కనిపెట్టారు? — ఒక పాఠకుడు, మిషిగన్, అమెరికా

జవాబు: లోతైన మంచులో, బురదలో, ఇసుకలో ఇరుక్కున్న కారు బయటికి రావాలంటే చక్రాలు కొంత గిర్రున తిరిగి కింది పొరను తోడెయ్యాలి. చక్రం తిరిగిపోతున్నదని చూసిన వ్యవస్థ ఇంజన్ శక్తిని తగ్గించేస్తుంది కాబట్టి కారు కదలదు. ముఖ్యంగా ఇటువంటి సందర్భాల కోసమే బటన్. బయటికి రాగానే మళ్లీ ఆన్ చేయాలి. మంచు రోడ్డు మీద ప్రయాణిస్తూ ఆఫ్ చేయడం సరికాదు. మీ దేశపు నిబంధన ప్రకారం బటన్ నొక్కి ఆపినా, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే వ్యవస్థ దానంతట అదే ఆన్ కావాలి.

జర్మనీకి చెందిన బాష్, మెర్సిడెస్ బెంజ్ కలిసి 1995లో ఎస్-క్లాస్ కారులో దీన్ని తొలిసారి అందించాయి. బాష్‌లో ఈ పనికి నాయకత్వం వహించిన డచ్ ఇంజినీరు ఆంటన్ వాన్ జాంటెన్‌కు 2016లో యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డులలో జీవన సాఫల్య పురస్కారం లభించింది. అయితే ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ పరికరం మామూలు కార్లలోకి రావడానికి ఒక ప్రమాదం దోహదం చేసింది. 1997 అక్టోబరులో స్వీడన్ పత్రిక టెక్నికెన్స్ వార్ల్డ్, రోడ్డుకు అడ్డంగా దుప్పి వచ్చినప్పుడు తప్పించుకునే విన్యాసాన్ని పరీక్షిస్తుండగా, కొత్తగా వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తాపడింది. ఆ సంస్థ అమ్మకాలు నిలిపి, సస్పెన్షన్ సవరించి, ఆ చిన్న కారులో స్థిరత్వ నియంత్రణను అన్ని వేరియంట్లలోనూ పెట్టింది.

అమెరికాలో 2007లో నిబంధన వచ్చి, 2012 మోడల్ సంవత్సరం నుంచి తేలికపాటి వాహనాలన్నింటికీ తప్పనిసరి అయింది. ఆ పరీక్షలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ యంత్రంతో స్టీరింగ్‌ను ఒకవైపుకు, వెంటనే రెండోవైపుకు తిప్పి, అర సెకను ఆపి, మధ్యకు తెస్తారు. స్టీరింగ్ మధ్యకు వచ్చిన ఒక సెకనుకు యా రేటు దాని గరిష్ఠంలో 35 శాతానికి, 1.75 సెకన్లకు 20 శాతానికి మించకూడదు. కారు ఒళ్లు తిరగడం ఆగిందా లేదా అన్నదానికి చట్టం కూడా యా రేటునే కొలమానంగా తీసుకున్నది. ఒక్క వాహనమే ప్రమేయమున్న ప్రమాదాలు దీనివల్ల కార్లలో 34 శాతం, ఎస్‌యూవీలలో 59 శాతం తగ్గుతాయని ఆ దేశపు రహదారి భద్రతా సంస్థ అప్పట్లో అంచనా వేసింది. ఎత్తు ఎక్కువగా ఉన్న బండ్లు జారితే బోల్తాపడే అవకాశం ఎక్కువ కాబట్టి వాటికి మేలూ ఎక్కువ.

ప్రశ్న: కోతల కాలంలో మా వైపు రోడ్ల మీద ఎడమ పక్కన వడ్లు ఆరబోస్తారు. ఒకసారి ఎదురుగా లారీ రావడంతో ఎడమ చక్రాలు వడ్ల మీదికి ఎక్కించి బ్రేకు తొక్కాను. బండి కుడివైపు లాగింది. ఈఎస్‌సీ ఉన్న కారు అయితే ఇలా జరగదా? — ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: జరుగుతుంది, కాని తక్కువగా జరుగుతుంది. ఎడమ చక్రాలు వడ్ల మీద జారుతుంటే, తారు మీదున్న కుడి చక్రాలకే బ్రేకు పట్టు దొరుకుతుంది. కుడివైపు వెనక్కి లాగినట్లయి కారు కుడికి, అంటే సరిగ్గా ఎదురు వాహనం వైపు తిరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా ఉన్నా కారు తిరుగుతున్నదని యా రేట్ సెన్సరు చెప్పగానే, వ్యవస్థ కుడి ముందు చక్రం మీద బ్రేకు ఒత్తిడిని తగ్గించి ఆ లాగుడును అదుపు చేస్తుంది. అందుకు చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. పట్టున్న చక్రానికే బ్రేకు తగ్గించారు కాబట్టి కారు ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. దిశ దక్కుతుంది, దూరం పెరుగుతుంది.

సెన్సర్లు ఎన్ని ఉన్నా టైరుకూ రోడ్డుకూ మధ్య లేని పట్టును అవి పుట్టించలేవు. 50 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును పొడి తారు మీద గంటకు దాదాపు 70 కిలోమీటర్ల దాకా తిరగగలిగితే, పట్టు సగానికి తగ్గిన తడి రోడ్డు మీద ఆ హద్దు 50కి పడిపోతుంది. 60తో వస్తే ఏ వ్యవస్థా ఆ మలుపు తిప్పలేదు. వడ్లు కనబడగానే వేగం తగ్గించి, చక్రాలు వాటి మీద ఉన్నంతసేపూ గట్టి బ్రేకు, గట్టి స్టీరింగ్ రెండూ మానుకోవడమే మార్గం. ఆరబోయడానికి కల్లాలు చాలక రోడ్డెక్కవలసి వస్తున్న రైతుల ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కనీసం మలుపుల దగ్గర, కల్వర్టుల దగ్గర ఆరబోయకుండా చూడాలని మనవి.

ప్రశ్న: మోటారు సైకిళ్లకు కూడా ఇటువంటి సెన్సర్లు వచ్చాయని విన్నాను. బండి ఎంత వంగిందో తెలుసుకోవడానికి త్వరణం కొలిచే సెన్సరు ఒక్కటి చాలు కదా, గైరో ఎందుకు? — ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: స్టాండు మీద నిలబెట్టిన బండికైతే చాలు. మలుపులో వంగిన బండికి చాలదు. మలుపులో సమతూకంగా వంగి పోతున్నప్పుడు గురుత్వమూ మలుపు వల్ల వచ్చే బలమూ కలిసి బండి నిట్టనిలువు గీత వెంటే, చక్రాల వైపుకే పనిచేస్తాయి. అందుచేత బండికి బిగించిన పార్శ్వ త్వరణ సెన్సరు దాదాపు సున్నా చెబుతుంది, బండి నిటారుగా ఉన్నట్లే దానికి కనిపిస్తుంది. 40 మీటర్ల వ్యాసార్ధం గల మలుపును గంటకు 54 కిలోమీటర్లతో తిరిగే బండి నిజానికి 30 డిగ్రీలు వంగి ఉంటుంది. ఆ స్థితిలో నిటారు బండికి వేసినంత బ్రేకు వేస్తే టైరు జారుతుంది. గైరోలు బండి ఒరిగే వేగాన్నీ, దారి వెంట తిరిగే వేగాన్నీ విడివిడిగా కొలుస్తాయి. ఆ రెండింటినీ చక్రాల వేగంతో కలిపి వంగిన కోణాన్ని లెక్కగడతారు. బాష్ రూపొందించిన ఇటువంటి వ్యవస్థ 2013 చివరలో కేటీఎం 1190 అడ్వెంచర్ బండితో మార్కెట్లోకి వచ్చింది. బ్రేకు పట్టినప్పుడు ఆ క్షణాన బండి ఎంత వంగి ఉన్నదో చూసి, దానికి తగినంత ఒత్తిడినే చక్రానికి చేరనిస్తుంది.